పగటిపూట రాసిన కథ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా తమ్ముడి కూతురు జెస్సీ ఇంటికి పోకుండా నా దగ్గరికి వచ్చింది. ముఖం వేలాడేసుకుని ఉంది. కోడికూర వాసన ఇల్లంతా తిరుగుతుంటే ఆకలి లేదంది. ఆ పిల్ల నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే సంగతి పెద్దదే అయి ఉండాలి. ఫోన్ నా చేతిలో పెట్టి, "చదువు అత్తా" అని సోఫాలో ముడుచుకుని కూర్చుంది. కళ్ళద్దాలు వెతుక్కుని చదివాను. దానికి ప్రాణమైన మాయాలోకపు నవల ఒకటుంది. ఆ నవలలోని మనుషుల్ని తీసుకుని, అసలు రచయిత్రి చెప్పకుండా వదిలేసిన సంగతులన్నీ ఇది సొంతంగా రాస్తుంది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారట. ఎవరో కట్టిన డాబా మీద మనం రేకుల గది వేసుకోవడం లాంటిదన్నమాట. ముచ్చటగానే రాస్తుంది. చదివేవాళ్ళూ బాగానే ఉన్నారు, గొడవ అక్కడే వచ్చింది. నల్ల ఏరు దాటినవాళ్ళు మళ్ళీ ఈ ఒడ్డుకు రారని మూడో భాగంలో జెస్సీనే రాసింది. ఇరవయ్యో భాగానికి వచ్చేసరికి ఏరు దాటిపోయిన ఒక పిల్లవాడి మీద బెంగ పెట్టుకుని, వాణ్ణి వెనక్కి తేబోతున్నానని కింద చిన్న ముక్క రాసింది. ఇక చదివేవాళ్ళు కాకుల్లా చుట్టుముట్టారు. మీరు పెట్టిన రూలు మీరే తప్పుతారా, అలాగైతే మేమెందుకు చదవాలి అని ఒకటే పోరు.

"అత్తా, నువ్వు రైటర్‌వి గదా. రూల్ మార్చొచ్చా, మార్చొద్దా? ఒక్క మాట చెప్పు, గదే చేస్తా," అంది జెస్సీ.

 ముందు తిను, తర్వాత చూద్దాం అని తప్పించుకున్నాను. ఇన్నేళ్ళుగా కథలు రాస్తున్నదాన్ని, కథకు కట్టుబాటు ఎందుకు ఉండాలో సభల్లో మైకు పట్టుకుని చెప్పినదాన్ని, పదహారేళ్ళ పిల్ల అడిగినదానికి జవాబు చెప్పలేక గరిటె పట్టుకుని నిలబడ్డాను. అది రెండు ముద్దలు తిని అలిగి వెళ్ళిపోయింది. అది పోయాక మంచం కింది ట్రంకుపెట్టె లాగాను. అడుగున, అమ్మ చీరల మడతల్లో, కలరా ఉండల వాసన కొడుతూ లాంగ్‌సైజు నోటుబుక్కు ఉంది. అట్ట చివర్లు పురుగు కొట్టేసింది. మొదటి పేజీ తెరవలేదు. తిన్నగా చివరి పేజీ తీసి, ఎర్రసిరాతో గుండ్రంగా రాసుకున్న నా అక్షరాలు చూశాను. పైన "కట్టుబాట్లు" అని ఉంది. కింద మూడు ఉన్నాయి. మూడోదాని మీద కళ్ళు ఆగిపోయాయి.

అప్పుడు మేం నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. నడిమధ్య వాకిలి, వాకిలి చుట్టూ గదులు, గదికొక సంసారం. రైలు కూత పెట్టినప్పుడల్లా మా గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగేవి. నాన్న లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తా, అమ్మ బడిలో టీచరు. పేరుకే వాళ్ళు ఇంటి పెద్దలు. పెత్తనమంతా మెదక్ నుంచి వచ్చిన మా నాయనమ్మది. తెల్లచీర, నున్నగా దువ్విన ముడి, చీర కుచ్చిళ్ళలో ఎవరికీ తెలియదనుకుని దాచుకునే నశ్యం డబ్బీ. ఆమె తుమ్మితే మేం ముఖాలు తిప్పుకుని నవ్వేవాళ్ళం, ఆమె "జలుబు" అనేది. ఏడాది పొడుగునా జలుబే. సాయంత్రం ఇంట్లో లైటు వేయగానే చాప పరిచేది. కుటుంబ ప్రార్థన. పొయ్యి మీద ఏమున్నా దించాల్సిందే. ముందు కీర్తన, తర్వాత పిల్లలు ఒక్కొక్కరు కంఠతా వాక్యం అప్పజెప్పాలి, ఆ తర్వాత నాయనమ్మ ప్రార్థన. మెదక్‌లో ఉన్న చుట్టాలు, దవాఖానల్లో ఉన్న చుట్టాలు, మాట్లాడకుండా పోయిన చుట్టాలు, అందరినీ పేరుపేరునా తలుచుకునేసరికి చారు చల్లారిపోయేది. వాక్యంలో ఒక్క మాట అటూ ఇటూ అయిందా, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. తమ్ముడు ఏడ్చేవాడు. నేను ఏడవలేదు. ఒక్క మాట కూడా తప్పకుండా చెప్పి, తప్పినవాళ్ళ వంక చూసేదాన్ని. నా గుణం అక్కడే తయారైంది.

వాకిలికి అవతలి మూల గదిలో అండాలు వాళ్ళుండేవాళ్ళు. సిద్దిపేట దిక్కు పల్లె వాళ్ళది. పొలం పోయాక, అండాలు నాన్న కూడా పోయాక, వాళ్ళమ్మ సాయమ్మత్త తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పట్నం వచ్చింది. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల గంపల దగ్గర ఏరివేత పని ఆమెది. మచ్చపడ్డ జామకాయలు, మెత్తబడ్డ మామిడిపండ్లు కొంగులో మూటగట్టి తెచ్చేది. వాళ్ళ గదిలోకి అడుగుపెడితే మాగిన పండ్ల వాసన, కిరోసిన్ వాసన కలిసి గుప్పుమనేవి. ఇప్పటికీ ఎక్కడైనా జామకాయ కుళ్ళిన వాసన వస్తే నాకు పదమూడేళ్ళు వస్తాయి. అండాలుదీ నా వయసే. ఐదో తరగతితో బడి మానిపించారు. చదవడం కూడబలుక్కుంటూ వచ్చేది, రాయడం అంతంతే. కానీ నోరు తెరిచి కథ చెప్పిందంటే కాకి కూడా గోడ మీద కూర్చుని వినేది. ఆలోచించేటప్పుడు కుడిచేతి బొటనవేలు కింది పళ్ళకు ఆనించి పెట్టుకునేది. ఆ వేలు తీసిందంటే కథ ముందుకు కదిలినట్టే.

ఆమె మేనమామ మల్లేశం. నేనూ మల్లేశం మామ అనే పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. మార్కెట్‌లో మూటలు మోసేవాడు. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు కదా, పని లేని ఆదివారాలు అక్కడికి పోయి మా కోసం పిల్లల మాసపత్రికలు ఏరుకొచ్చేవాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. బొమ్మలు చూసి కొనేవాడు. రాక్షసుడో, ఉంగరమో, రెక్కల గుర్రమో కనిపిస్తే చాలు, తువ్వాలలో చుట్టి తెచ్చి అరుగు మీద పెట్టి, "గిది మంచిగుందా?" అని అడిగేవాడు. ఆ పత్రికలో ఒక మాయల సీరియల్ వచ్చేది. ముచ్చటైన రాజకుమారి, ఆమె దగ్గరొక ఉంగరం, ఆమెను ఏళ్ళూ లోయలూ దాటించే ఒక పడవ మనిషి. మామ తెచ్చే సంచికలు వరసలో ఉండేవి కావు. ఒకసారి తొమ్మిదో భాగం, ఇంకోసారి నాలుగోది, మరోసారి ముగింపుకు ముందుది. నడుమ ఎన్నో గుంటలు. ఆ గుంటలు పూడ్చడానికే మేం రాయడం మొదలుపెట్టాం. అండాలు చెప్పేది, నేను రాసేదాన్ని.

గుంట పూడ్చడమంటే ఊరికే కాదు. అటు నాలుగో భాగానికీ ఇటు తొమ్మిదో భాగానికీ అతకాలి. అందుకని దొరికిన సంచికలన్నీ జల్లెడపట్టి ఆ లోకంలో ఏది కుదురుతుంది, ఏది కుదరదు అని నేను జాబితా తీశాను. ఉంగరం మూడుసార్లే పనిచేస్తుంది. మంత్రం పలికినవాళ్ళకు ఒక పగలు, ఒక రాత్రి గొంతు పోతుంది. పొగలోయలోకి పోయినవాళ్ళు తిరిగి రారు. ఈ మూడూ చివరి పేజీలో రాసుకున్నాను. అండాలు ఆవేశంలో నాలుగోసారి ఉంగరం వాడబోతే నేను వేలు చూపించేదాన్ని. "అబ్బా, ఏంది నీ లొల్లి," అని విసుక్కుని మళ్ళీ బొటనవేలు పళ్ళకు ఆనించుకునేది. ఒకసారి మంత్రగత్తె తాళంచెవి ఎక్కడ దాచిందో మాకు తెలియలేదు. ఆ సంచిక లేదు. కట్టుబాట్లన్నీ లెక్కచూసి, ఎండిన బావిలో రాతి సందున దాచిందని రాశాం. రెండు నెలలకు మామ తెచ్చిన సంచిక విప్పితే బొమ్మలో ఎండిన బావి. రాతి సందు. తాళంచెవి. అండాలు చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "చూసినవా, మనం రాసినం, గట్లనే అయ్యింది," అంది. అది వేరు, కట్టుబాటు సరిగ్గా పట్టుకుంటే తాళంచెవి ఇంకెక్కడా ఉండడానికి వీల్లేదు, అందుకే కుదిరింది అని నేను పెద్ద వివరణ ఇచ్చాను. "రెండూ ఒకటే గదా," అంది ఆమె. ఒకటి కాదని నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండు.

ఆమెకూ ఒక కట్టుబాటు ఉండేది. పగటిపూట కథ చెప్పకూడదు. చెబితే మేనమామ తోవ తప్పుతాడు. వాళ్ళ పల్లెలో పిల్లాపాపా అందరికీ తెలిసిన మాట. మొదట్లో మాకు దానితో ఇబ్బంది లేదు. దీపాలు పెట్టాక, మా ప్రార్థన అయ్యాక, అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఒకరోజు నాయనమ్మ నోటుబుక్కు తిరగేసి మంత్రాలూ మాయలూ చూసి మండిపడింది. లైటు వేశాక గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానంది. ఇక మిగిలింది మధ్యాహ్నమే. నాయనమ్మ కునుకు తీసే వేళ, సాయమ్మత్త మార్కెట్‌లో ఉండే వేళ. అండాలు గొణుక్కుంటూనే ఒప్పుకుంది. మామ పోయేది మార్కెట్ దాకానే, ఆ తోవ కళ్ళు మూసుకున్నా తప్పడులే అని తనకు తానే చెప్పుకుంది.

ఆ వానాకాలం మల్లేశం మామ బొంబాయి దిక్కు భీవండికి పోయాడు. వాళ్ళ ఊరివాళ్ళు అక్కడ మగ్గాల దగ్గర ఉన్నారు, మూటలు మోయడం కంటే నయమన్నారు. పోయేరోజు గుడ్డసంచి భుజానికి వేసుకుని వాకిట్లో నిలబడి, "బతుకమ్మ పండుగకు వస్త, జర మంచిగ రాస్తుండు బిడ్డా," అని నాతో అన్నాడు. రాయడమంటే ఆయనకు అంత గౌరవం. మేం ఇద్దరం స్టేషను దాకా పోయి రైలు ఎక్కించాం. తిరిగి వస్తూ అండాలు చెప్పేసింది. "ఇగ మామ దూరం తొవ్వల ఉంటడు. పగటిపూట నేను చెప్ప."

చెప్పకపోతే కథ ఆగిపోతుంది. అప్పటికి ముగింపు దగ్గరికి వచ్చాం. నాకు నిద్రపట్టేది కాదు. రెండురోజులు బతిమాలాను, మూడోరోజు తెలివి వాడాను. "చెబితే కదా దోషం? నువ్వు నోరు తెరవకు. నేనే రాస్తూ పోతా, బాగుంటే తల ఊపు, లేకుంటే అడ్డంగా ఊపు. రాయడం చెప్పడం కాదు," అన్నాను.  మీ పల్లెలో ఎవరికైనా రాయడం వచ్చా, మరి రాయకూడదని ఎవరు చెబుతారు అని కూడా అన్నాను. ఎంత తెలివి! ఆమె అరుగు మీద జరిగి నాకు చోటిచ్చింది. మధ్యాహ్నపు ఎండలో, నాయనమ్మ గురక లోపలి నుంచి వినిపిస్తుంటే, నేను రాశాను, అండాలు తల ఊపింది. రాజకుమారి గట్టెక్కాలంటే ఎవరో ఒకరు పొగలోయలోకి పోవాలి. పడవ మనిషిని పంపించాను. అక్కడ అండాలు తల అడ్డంగా ఊపింది. కథకు అదే సరైనదని చెప్పాను. పత్రికలో ఉన్నదానికి అది తప్ప వేరే దారి అతకదు. కాసేపటికి ఆమె నిలువుగా ఊపింది.

బతుకమ్మ వచ్చింది. వాకిట్లో తంగేడు పూల రాశి పోశారు. సాయమ్మత్త తమ్ముడి కోసం కొత్త తువ్వాల కొని దండెం మీద వేసింది. మామ రాలేదు. దసరా అయిపోయింది, రాలేదు. దీపావళి ముందు వాళ్ళ ఊరివాడొకడు వచ్చి, మల్లేశం పండుగకు నాలుగురోజుల ముందే సంచి సర్దుకుని బయల్దేరాడని చెప్పాడు. రైలు మారేచోట ఎవరో చూశారట. అంతవరకే. సాయమ్మత్త స్టేషనుకు పోయి బండి వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళను చూస్తూ నిలబడేది. నాన్న ఆమెను పోలీసుల దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్ళు పేరు రాసుకున్నారు. మా చాప మీద నాయనమ్మ ప్రార్థనలో ఇంకో పేరు చేరింది. మాయలు రాసినందుకు నన్ను కొట్టబోయిన ముసలామె, మల్లేశం పేరు దగ్గరికి రాగానే ఆగి కొంగుతో కళ్ళు తుడుచుకునేది.

ఒక మధ్యాహ్నం అండాలు మా గుమ్మం ముందుకు వచ్చింది. తల దువ్వుకోలేదు. "నోటుబుక్కు తే," అంది. తెచ్చాను. "పడవాయనను లోయలకెల్లి బయటికి తే," అంది.

నాకు విషయం అర్థం కాలేదని ఇప్పుడు చెబితే అది అబద్ధం. అర్థమైంది. ఎండిన బావీ, తాళంచెవీ గుర్తున్నాయి. ఆమె ఏమి నమ్ముతోందో తెలుసు. అయినా చివరి పేజీ తీసి మూడో కట్టుబాటు మీద వేలు పెట్టాను.

"గది నువ్వు రాసిందే గదా. నువ్వే కొట్టెయ్," అంది.

"నేను పెట్టింది కాదు, పత్రికలోనే ఉంది. కొట్టేస్తే కథంతా అబద్ధమైపోతుంది. ఇప్పటిదాకా రాసిందంతా దండగ," అన్నాను.

"నేను నీ కోసం నా రూల్ తప్పిన గదా సునందా."

ఈ మాట ఆమె గట్టిగా కూడా అనలేదు. నేను తలవంచుకుని ఉంటే సరిపోయేది. ఊరుకున్నా సరిపోయేది. ఆ ఏడాదే మా పాఠంలో కొత్తగా నేర్చుకున్న మాట ఒకటి నాలుక మీద సిద్ధంగా ఉంది. "నీది మూఢనమ్మకం," అన్నాను. వాక్యం ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పినప్పుడు ఎలా చూసేదాన్నో అలాగే చూసి ఉంటాను. అండాలు వాకిలి దాటి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు పెద్దగా చప్పుడు కూడా కాలేదు. తర్వాత నెలలోపే వాళ్ళు గది ఖాళీ చేశారు. తమ్ముడి కూలి లేనిదే సాయమ్మత్త ఒక్కతే కిరాయి కట్టలేకపోయిందని అమ్మ చెప్పింది. బడి నుంచి వచ్చేసరికి మూల గది తలుపు తెరిచి ఉంది, నేల కడిగి ఉంది, పండ్ల వాసన మాత్రం ఉంది. నాకు ఒక్క మాట చెప్పకుండా పోయింది. నేనైనా చెప్పనిచ్చేలా ఉన్నానా.

పెద్దయ్యాక నేను రచయితనయ్యాను. సునంద కథల్లో ఎక్కడా పట్టు సడలదని, మొదట్లో గోడకు కొట్టిన మేకుకే చివర్లో కథానాయకుడు ఉరి వేసుకుంటాడని మెచ్చుకుంటారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు ఆ గుమ్మం, దువ్వని తల గుర్తొస్తాయి. నాంపల్లిలో మా పాత ఇల్లు ఇప్పుడు లేదు. ఆ సందు మొదట్లో నిలబడితే పైన మెట్రో పోతుంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు ఇంకా పరుస్తున్నారు, కానీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. బొమ్మ చూసి కొనే మనిషి కనిపించడు. ఇప్పుడు ఎవరైనా ఊరు బయల్దేరితే ఎక్కడున్నారో ఫోనులో నీలంచుక్క కదులుతూ చూపిస్తుంది. అప్పుడు ఒక మనిషి గుడ్డసంచి భుజాన వేసుకుని రైలెక్కితే, దిగేదాకా లోకంలో లేనట్టే లెక్క. లేకుండానే పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళ పేర్లు ఎవరో ముసలామె ప్రార్థనలో ఉండి, ఆమెతోపాటే పోయి ఉంటాయి.

నాలుగేళ్ళ కింద, సీతాఫలాల రోజుల్లో, అఫ్జల్‌గంజ్‌లో పని చూసుకుని మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి వస్తున్నాను. వాన వెలిసింది. గోడ వారగా గంప ముందు కూర్చున్న ఒక ఆడమనిషి, ఎవరో బేరమాడి పోతుంటే ఏదో ఆలోచిస్తూ బొటనవేలు కింది పళ్ళకు ఆనించుకుంది. నా కాళ్ళు ఆగిపోయాయి. ఆమే ముందు పలికింది.

"సునందవే గదా?"

పక్కన తడి గోనెపట్టా మీదే కూర్చున్నాను. జుట్టు పూర్తిగా నెరిసింది, ముందు పన్ను ఒకటి లేదు. పిల్లలున్నారు, మనుమలున్నారు. సాయమ్మత్త పోయి చాలా ఏళ్ళయింది. "పోయేదాంక ప్రతి బతుకమ్మకు మామకు తువ్వాల కొన్నది. పెట్టెల ఉన్నయ్, అన్ని," అంది. నేను ఏం చేస్తున్నానని అడిగింది. కథలు రాస్తానని చెప్పాను. "ఇంకా రాస్తున్నవా!" అని నవ్వింది. పండు ఒకటి చేత్తో అటూ ఇటూ తిప్పి, మెత్తబడిందో లేదో చూస్తూ, మామూలుగా అడిగింది.

"మరి మన కథేమయింది? పడవాయన వచ్చిండా?"

"వచ్చిండు," అన్నాను. నోరు దానంతటదే అనేసింది. కట్టుబాటు తప్పని కథలు రాసే నోరు.

"లోయలకెల్లి బయటికొచ్చిండా?"

"ఔ. నేనే రాసిన."

"పగటిపూట రాసినవా?"

"కాదు. దీపం పెట్టినంకనే."

అండాలు బొటనవేలు పళ్ళకు ఆనించుకుంది. రోడ్డు మీద బస్సులు, ఆటోలు పోతున్నాయి. చాలాసేపటికి వేలు తీసింది.

"మరి మామ రాలే," అంది.

నేను గంపలోని పండ్ల వంక చూశాను.

"దీపం పెట్టినంక రాస్తే రావాలె గదా. నువ్వు రాయలే సునందా."

కోపం లేదు ఆ గొంతులో. నేను ఉంగరం లెక్క చూసినట్టే ఆమె లెక్క చూసింది, నా అబద్ధం దొరికిపోయింది. మా ఇద్దరిలో కట్టుబాటును నిజంగా పట్టుకుని ఉన్నది ఎవరో అప్పుడు తెలిసింది. కన్నీళ్ళు ఆగలేదు. ఆమె చేయి పట్టుకున్నాను. "రాయలేదు అండాలూ. ఇవ్వాళ రాస్తా. ఇంటికి పోంగనే, లైటు వేసినంక రాస్తా. మూడోది కొట్టేస్తా," అన్నాను.

చేయి విడిపించుకుంది. విదిలించలేదు, పండ్లు సర్దాల్సినదానిలా తీసుకుంది.

"వద్దు," అంది. "ఇప్పుడు రాయకు. రాసినంక గూడ రాకపోతే నేనేం జేయాలె? గిట్లనే ఉండనియ్. తొవ్వల ఉన్నడనుకుంట."

నేను కొన్న పండ్ల మీద కొసరుగా ఇంకో రెండు వేసి, సంచి మూతి ముడివేసి ఇచ్చింది. ఆ తర్వాత రెండుమూడుసార్లు ఆ గోడ దగ్గరికి పోయాను. వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. అడిగితే తెలియదన్నారు. నోటుబుక్కులో ఇంకా పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. రాయలేదు. ఆమె కోసం నేను చేయగలిగింది ఆ ఒక్కటే మిగిలింది.

ఇవాళ మధ్యాహ్నం జెస్సీ నుంచి మెసేజ్ వచ్చింది. "అత్తా, ఇంకా చెప్పలే." నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాను. "రూలు మార్చు. వాణ్ణి వెనక్కి తీసుకురా. చదివేవాళ్ళు తిడితే పడు. ఇప్పుడే రాయి, ఆలస్యం చేయకు." పంపబోతూ గోడ మీద గడియారం చూశాను. రెండున్నర. బయట ఎండ కాస్తోంది. జెస్సీ మేనమామ మధ్యాహ్నం గుంటూరు నుంచి కారులో వాళ్ళింటికి బయల్దేరుతున్నాడని పొద్దున మరదలు ఫోన్లో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి పోయాను. అంట్లు తోమాను, బియ్యం ఏరాను, కిటికీలో వెలుగు పలచబడేదాకా అలా తిరుగుతూనే ఉన్నాను. చీకటి పడింది. లైటు వేసి, రాసింది పంపి, కింద ఇంకో ముక్క అడిగాను, మీ మామ ఇల్లు చేరాడా అని.

"ఆ, వచ్చిండత్తా," అని వెంటనే జవాబు వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని ఆ మాటే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చున్నాను.